కమ్మీల పొయ్యి – పొరుగువారి ఊపిరి

నిప్పులపై నేతిచుక్క పడినంతనే పొగ లేచుట మనమెల్లర మెరిగినదే. భోజనశాలలలో ఇనుప కమ్మీలపై మాంసము కాల్చునపుడు జరుగునదియు నదియే. క్రొవ్వు కరగి మంటపై పడి పొగ యగును. అందలి సూక్ష్మకణములు ఊపిరితిత్తుల లోతట్టున చేరి హాని చేయును. పొగగొట్టము నెత్తుగా కట్టినంతమాత్రమున పొగ నశింపదు, పొరుగింటికి పోవును.

అమెరికాలోని లాస్ ఏంజిలిస్ ప్రాంతమున వాయుశుద్ధిని చూచు అధికారులు 1997 నవంబరులో దీనికై యొక నియమము చేసిరి. అచట మాంసపు బిళ్లలను కదలెడి గొలుసుపై నుంచి మంటలయందు నడిపించు పొయ్యిలు గలవు. అట్టి పొయ్యిపై వారమునకు 875 పౌనులు గాని అంతకు మించి గాని మాంసము కాల్చువారు, పొగను శుద్ధిచేయు సాధనము నమర్పవలెను. తేనెపట్టువలె రంధ్రములుగల దిమ్మకు ఉత్ప్రేరకపు పూత పూసి పొయ్యిపై నుంచుదురు. పొయ్యి వేడిమిచేతనే పొగలోని క్రొవ్వుకణములు మరల దహింపబడి, చాలవరకు నీటియావిరియు బొగ్గుపులుసు గాలియు నగును. వేరొక ఇంధన మక్కరలేదు.

అయితే కమ్మీల క్రింద మాత్రమే మంటగల తెరపి పొయ్యిలనుండి పొగ యింకను హెచ్చుగా వెలువడును. చుట్టునుండు గాలి కలిసి యా పొగ చల్లబడును గనుక ఈ సాధనము వానికి చక్కగా పనిచేయదు. వడపోతలును, విద్యుచ్ఛక్తితో కణములను పట్టు యంత్రములును ఉన్నను, వాని వెలయు, జిడ్డు కడుగు శ్రమయు నెక్కుడు. 1997 నాటి నిర్బంధము ఆ పొయ్యిలను తాకలేదు.

సులభముగా లొంగిన పొయ్యితో నియమకర్తలు తృప్తిపడరాదని మా యభిప్రాయము. చిన్న అంగడివానికి వ్యయము భారమైనచో ప్రభుత్వము దానిని పంచుకొనవలెను. పొయ్యి యెదుట దినమెల్ల నిలుచు వంటవానికిని, గోడ కావల నిదురించు పసిబిడ్డకును, పొగ యే పొయ్యినుండి వచ్చినను ఒక్కటియే.