వెబ్‌సైటుకు ఏ జావాస్క్రిప్ట్ లైబ్రరీ? ఎంపికకు ముందు చూడవలసిన అంశాలు

పుదుచ్చేరి వైట్ టౌన్‌లో శాసనసభ, బీచ్ రోడ్డుగా పిలిచే గూబేర్ అవెన్యూలోని ప్రధాన సచివాలయంతో పాటు, పాత ఫ్రెంచి ఇళ్లలో నడిచే అతిథి గృహాలూ ఉన్నాయి. ఇదే కేంద్రపాలిత ప్రాంతానికి చెందిన యానాం వందల కిలోమీటర్ల దూరంలో గోదావరి తీరాన ఉంది. అక్కడి తెలుగువారికి వైట్ టౌన్‌లోని కార్యాలయమైనా, బస గదైనా మొదట కనిపించేది ఫోను తెరపైనే. ఆ పేజీ ఎంత త్వరగా తెరుచుకుంటుంది, కొన్నేళ్ల తరువాత కూడా పనిచేస్తుందా అన్నవి దాని నిర్మాణానికి ఎంచుకున్న జావాస్క్రిప్ట్ లైబ్రరీపైనా ఆధారపడతాయి.

లైబ్రరీ చేసే పని ఏమిటి?

గది కోసం తేదీ మార్చగానే అద్దె, ఖాళీల సంఖ్య, చెల్లించవలసిన మొత్తం అన్నీ ఒకేసారి మారాలి. వీటిని విడివిడిగా రాస్తే పేజీ పెరిగేకొద్దీ పొరపాట్లు పెరుగుతాయి. సమాచారం మారినప్పుడల్లా తెరను దానికి తగినట్టు మార్చే బాధ్యతను లైబ్రరీ తీసుకుంటుంది.

ప్రధాన ప్రత్యామ్నాయాలు

ఫేస్‌బుక్ 2013లో రియాక్ట్‌ను అందరికీ అందుబాటులోకి తెచ్చింది. గూగుల్‌లో పనిచేసిన ఇవాన్ యూ 2014లో వ్యూను విడుదల చేశారు. రిచ్ హారిస్ 2016లో తెచ్చిన స్వెల్ట్ చాలా పనిని నిర్మాణ దశలోనే ముగించి, బ్రౌజరుకు తక్కువ కోడ్ పంపుతుంది. గూగుల్ రూపొందించిన యాంగ్యులర్ కేవలం లైబ్రరీ కాదు, పూర్తి స్థాయి ఫ్రేమ్‌వర్క్.

గతం నేర్పిన పాఠాలు

గూగుల్ 2010లో తెచ్చిన యాంగ్యులర్‌జేఎస్‌కు, 2016లో వచ్చిన కొత్త యాంగ్యులర్‌కు మౌలికమైన తేడా ఉంది. పాత సైట్లను చాలావరకు తిరిగి రాయవలసి వచ్చింది. పాతదానికి మద్దతు 2021 డిసెంబరు 31తో ముగిసింది. రియాక్ట్ లైసెన్సులోని పేటెంట్ల నిబంధన కారణంగా అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2017లో తన ప్రాజెక్టుల్లో దాని వాడకాన్ని నిషేధించింది. అదే ఏడాది సెప్టెంబరులో ఫేస్‌బుక్ దాన్ని ఎంఐటీ లైసెన్సుకు మార్చింది. అంటే సాంకేతిక గుణాలతో పాటు లైసెన్సును, నిర్వహించే సంస్థ తీరును కూడా పరిశీలించాలి.

ఎలా నిర్ణయించాలి?

మొదటి ప్రశ్న, అసలు లైబ్రరీ అవసరమా అన్నది. చిరునామా, ఫొటోలు, ఫోను నంబరు మాత్రమే ఉండే పేజీకి హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ సరిపోతాయి. బుకింగ్ వంటి సదుపాయాలుంటే వ్యూ, స్వెల్ట్ లేదా రియాక్ట్‌ను పరిశీలించవచ్చు. పెద్ద బృందం ఏళ్ల తరబడి నడిపే వ్యవస్థకు యాంగ్యులర్ విధించే ఏకరూపత ఉపకరిస్తుంది.

రెండవది బరువు. తక్కువ ధర ఫోను జావాస్క్రిప్ట్‌ను దిగుమతి చేసుకోవడంతో సరిపోదు, దాన్ని చదివి నడపాలి కూడా. తెలుగు ఫాంటు ఫైలు ఈ భారాన్ని మరింత పెంచుతుంది.

మూడవది అందరికీ అందుబాటు. చూపులేనివారు వాడే స్క్రీన్ రీడర్‌కు ప్రతి బటనూ బటన్‌గానే తెలియాలి. ఏ లైబ్రరీ కూడా దీన్ని తనంతట తాను సాధించిపెట్టదు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 డిజిటల్ సేవలకూ వర్తిస్తుంది.

చివరిది నిర్వహణ. నిర్మించిన వ్యక్తి వెళ్లిపోతే సరిదిద్దగలవారు స్థానికంగా దొరకాలి. తమిళం, తెలుగు, ఫ్రెంచి పాఠాలను కోడ్‌కు వేరుగా ఉంచితే భాషను చేర్చడం సులభమవుతుంది.

ఒకే బుకింగ్ పేజీని రెండు లైబ్రరీలతో నిర్మించి, సాధారణ ఫోనులో మొబైల్ డేటాపై తెరిచి చూడటం మేలు. త్వరగా తెరుచుకుని, తరువాత చూసుకోబోయేవారికి సులభంగా అర్థమయ్యేదే ఆ సైటుకు తగిన ఎంపిక.