కేటలాగులో మన వాడ ఏ పేరు కింద ఉంది?

ముద్దనూరు మాలమాదిగ వాడల చరిత్ర రాద్దామని లైబ్రరీకి పోయినవాళ్ళం ముందుగా 'ముద్దనూరు' అని వెతుకుతాం. దొరకదు. 'దళితులు' అని చూస్తే ఎక్కువగా ఇటీవలి పుస్తకాలే వస్తాయి. ఇక మనకు చరిత్రే లేదనుకొని వెనక్కొస్తాం. మా ఇళ్ళల్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరం మేమే. మేమూ అట్లే వెనక్కొచ్చాం.

కేటలాగంటే పుస్తకాలకు ఎవరో పెట్టిన పేర్ల పట్టిక. ఆ పేర్లు పెట్టింది మనం కాదు. కాబట్టి ఏ కాలంలో మనల్ని ఏమని రాశారో ముందు తెలియాలి. తెల్లదొరల పుస్తకాల్లో మాల, మాదిగ, పరయ. తర్వాత పంచమ, డిప్రెస్డ్ క్లాసెస్. 1917 బెజవాడ సభలో భాగ్యరెడ్డివర్మ తదితరులు ఆది ఆంధ్రులమని చాటారు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును ఒప్పుకుంది. ఆపైన హరిజన, 1935 చట్టంతో షెడ్యూల్డు కులాలు. కొన్ని మాటలు చదవడానికే కష్టంగా ఉంటాయి. అయినా తాళంచెవులు అవే.

ఊరి పేరుతో దొరకకపోతే జిల్లా పేరుతో చూడాలి. ఇంగ్లీషులో కడప స్పెల్లింగు 2005లో మారింది, అందుకని పాత 'కుడ్డపా' స్పెల్లింగుతోనూ వెతకాలి. 1800లో నిజాం కంపెనీకి ఇచ్చేసిన సీమ గనుక 'దత్తమండలాలు' అనీ చూడాలి. గ్రిబుల్ 1875 మాన్యువల్, బ్రాకెన్‌బరీ 1915 గెజిటీరు అట్లా దొరుకుతాయి. థర్‌స్టన్ 1909 సంపుటాల్లో మాల, మాదిగలు నాలుగోదాంట్లో ఉన్నారు. కడపలోని సి.పి. బ్రౌన్ కేంద్రం అచ్చేసిన కైఫీయత్తులూ చూడాలి.

డ్యూయీ పద్ధతిలో భారత చరిత్ర 954. మన సంగతి ఆ అరలోనే ఉండదు. సామాజిక వర్గాలు 305లో, క్రైస్తవ మిషన్లు 266లో ఉంటాయి. లండన్ మిషన్ 1822లోనే కడపకొచ్చింది. రచయితల్ని రెండు తీర్లా వెతకాలి: 'గుర్రం' కింద లేని జాషువా 'జాషువా' కింద ఉండొచ్చు.

పుస్తకం చేతికొచ్చాక కులాల అధ్యాయం చదివి మూసేయొద్దు. వెట్టి, గ్రామ నౌకరీ, ఇనాములు, కరువు, శిస్తు పేజీల్లో మన తాతలు పేర్లు లేకుండా పని చేస్తుంటారు. ఆ పేర్లు వాడలోని ముసలివాళ్ళకు తెలుసు. వెతికిన ప్రతి మాటా, దొరికిన ప్రతి నంబరూ చీటీ మీద రాసి పెట్టుకుందాం. మన వెనక వచ్చే పిల్లోడు ఉత్త చేతులతో తిరిగి పోకూడదు.