భామ ఒకతే, బాణీలు వేరు

తాడేపల్లిగూడెంలో మూడేళ్ళు కూచిపూడి నేర్చుకున్న అమ్మాయి, తండ్రికి బదిలీ అయి ఏలూరు వచ్చిందనుకోండి. కొత్త గురువుగారు మొదటి రోజే “ఎవరమ్మా నిన్ను చెయ్యి యిలా పెట్టమన్నది?” అంటారు. పిల్ల బిక్కమొహం వేస్తుంది. తల్లికి మూడేళ్ళ ఫీజు గుర్తుకొస్తుంది!

యిద్దరు గురువుల్లో తప్పెవరిది? జవాబు కావాలంటే కొల్లేరు దాటి, కైకలూరు, గుడివాడ, పామర్రు మీదుగా కూచిపూడి దాకా పోవాలి. సిద్ధేంద్రయోగి పేర నిలిచిన భామాకలాపాన్ని ఆ వూళ్ళో తరతరాలుగా మగవారే ఆడారు. తెర వెనుక నుంచి సత్యభామ తన జడను తెర మీదికి విసిరేది. విద్యలో తనను గెలిచినవారు ఆ జడ కోసుకోవచ్చునని సవాలు! పాత మేళాల్లో వేషధారే పాడాలి, మాటలు చెప్పాలి, ఆడాలి. సూత్రధారుడే మాధవి అయి ఆమెను మాటల్లో పెట్టాలి. రాత్రంతా తీరికే గనుక ఒక్క దరువును ఎంతసేపైనా సాగదీయవచ్చును.

వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించేనాటికి కాలం మారింది. నేర్చేవారిలో ఆడపిల్లలు పెరిగారు. చూసేవారు రెండు మూడు గంటలకే యింటికి పోవాలి. ఆయన అడుగుల పాఠాలను ఒక క్రమంలో పెట్టి, భంగిమలకు నగిషీ పట్టారు. నృత్యనాటికల్లో పాట పక్కన కూర్చున్న గాయకులదయింది. అదే రోజుల్లో, అదే వూరి బిడ్డ వేదాంతం సత్యనారాయణశర్మగారు స్త్రీవేషంలో సత్యభామగా దేశమంతా పేరు తెచ్చుకొని 1970లో పద్మశ్రీ అందుకున్నారు. యిద్దరూ 2012లోనే కన్నుమూశారు. వీరిలో ఎవరి భామ అసలుదని అడగటం, యిద్దరు కోడళ్ళలో ఎవరి పులుసు అసలుదని అత్తగారిని అడగటం వంటిది.

యీ తగువు మనకొక్కరికే లేదు. జపానులో కత్తిని ఒరలోంచి దూసే విద్యకు ‘ఇయాయిదో’ అని పేరు. అందులో కట్టుదిట్టమైన వరుసలుంటాయి. వాటిని ‘కటా’ అంటారు. కూర్చున్నచోట కత్తి దూయటం, అడ్డంగా ఒక వేటు, తల మీదుగా మరొకటి, తిరిగి ఒరలో పెట్టటం. యింత చిన్న వరుసలోనూ ఒర చేర్చే తీరు ఒక సంప్రదాయానికీ మరొకదానికీ కలవదు. అందరూ ఒక్కచోట పరీక్షకు నిలబడాలంటే ఎలా? 1969లో అక్కడి కెండో సమాఖ్య ఏడు ఉమ్మడి వరుసలు నిర్ణయించింది. 1980లో మూడు, 2000లో రెండు కలిసి పన్నెండయ్యాయి. అయినా ఏ గురువూ తన యింటి వరుసలను అటకెక్కించలేదు.

చెయ్యి జానెడు పైనున్నా కిందున్నా కొంప మునగదు. నాకు బెంగల్లా భామ నోటి మాట గురించే. పాట పక్కవారిదయ్యాక ఆ అలకా, ఆ ఎత్తిపొడుపూ పిల్లల గొంతులో పలకటం తగ్గింది. మన నృత్య పరీక్షల్లోనూ ఉమ్మడి పాఠంతోపాటు, తన గురువు బాణీలో ఒక్క దరువైనా పిల్ల స్వయంగా పాడి, మాటలు చెప్పి ఆడాలని నియమం పెడితే బాగుండును.