గ్రామసభకు బ్యాటరీ మైకు

పంచాయతీ కార్యాలయపు గదిలో గ్రామసభ జరుగుచున్నదనుకొందము. కార్యదర్శి జమాఖర్చులు చదువుచున్నారు. ముందు వరుసలవారు వినుచున్నారు. గుమ్మము కడ నిలిచిన స్త్రీలకు, వెనుక చాపమీద కూర్చున్న వృద్ధులకు సగము మాటలే చేరుచున్నవి. అంతలో కరెంటు పోయినది, మైకు మూగవోయినది. తీర్మానము మాత్రము "సభ ఆమోదించినది" అని పుస్తకమున వ్రాయబడినది. వినని మాటకు ఆమోదమెట్లు కలుగును?

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగమున స్థానము కల్పించినది. గ్రామపు ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారును అందు సభ్యులే. కావున చివర కూర్చున్నవారికి సైతము మాట వినిపించు పూచీ పంచాయతీదే. కరెంటుతో నిమిత్తము లేక, ముప్పది నలుబది మంది కూర్చుండు గదికి సరిపోవు చిన్న ధ్వనివర్ధకమును ఇంటియందే అమర్చుకొనవచ్చును. ఆ విధానమును ఇచ్చట వివరించుచున్నాము.

పనిచేయు విధము

మన గొంతు గాలిని కదలించును. ఆ కదలికను మైకు విద్యుత్తుగా మార్చును. 1962లో అమెరికాలో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ అను శాస్త్రజ్ఞులు రూపొందించిన ఎలెక్ట్రెట్ మైకు గోరంత ఉండును, వెలయు స్వల్పమే. దాని నుండి వచ్చునది వోల్టులో కొన్ని వేయవ వంతులు మాత్రమే. స్పీకరును పలికించుటకు అది చాలదు. ఎల్.ఎం. 386 అను ఎనిమిది కాళ్ళ చిప్పు దానిని 20 రెట్లు మొదలు 200 రెట్ల వరకు పెంచును. 5 మిల్లీవోల్టులు 200 రెట్లయినచో 1 వోల్టగును.

అమరిక

1.5 వోల్టుల సెల్లులు 6 వరుసగా చేర్చినచో 9 వోల్టులగును. చిప్పుపై గల గుంటను పైకి పెట్టి చూచినచో, ఎడమ ప్రక్క పై నుండి క్రిందికి 1 నుండి 4 వరకు, కుడి ప్రక్క క్రింది నుండి పైకి 5 నుండి 8 వరకు కాళ్ళు లెక్కింపవలెను.

6వ కాలిని స్విచ్చి ద్వారా బ్యాటరీ ధన ధ్రువమునకు, 2, 4 కాళ్ళను ఋణ ధ్రువమునకు కలుపవలెను. 6, 4 కాళ్ళ నడుమ 100 మైక్రోఫారడుల కెపాసిటరు నుంచవలెను.

మైకు డొక్కును తాకు కొనను ఋణ ధ్రువమునకు, రెండవ కొనను 10 కిలో ఓముల రెసిస్టరు ద్వారా 6వ కాలికి చేర్చవలెను. ఈ రెండవ కొన నుండియే 0.1 మైక్రోఫారడు కెపాసిటరు ద్వారా 10 కిలో ఓముల వాల్యూము కంట్రోలు ఒక చివరకు తీగ రావలెను. దాని రెండవ చివర ఋణ ధ్రువమునకు, నడిమి కొన 3వ కాలికి పోవును.

5వ కాలి నుండి 220 మైక్రోఫారడుల కెపాసిటరు ద్వారా 8 ఓముల స్పీకరునకు కలిపి, స్పీకరు రెండవ కొనను ఋణ ధ్రువమునకు చేర్చవలెను. 5వ కాలి నుండియే 0.047 మైక్రోఫారడు కెపాసిటరు, 10 ఓముల రెసిస్టరు ఒకదాని వెంట నొకటి ఋణ ధ్రువమునకు చేరవలెను. ఇవి చిప్పు తనంత తాను కంపింపకుండ ఆపును. ధ్వని చాలనిచో 1, 8 కాళ్ళ నడుమ 10 మైక్రోఫారడుల కెపాసిటరు చేర్చిన 200 రెట్లు లభించును. దీని ధన కొన 1వ కాలికి, 220 దాని ధన కొన 5వ కాలికి, 100 దాని ధన కొన 6వ కాలికి ఉండవలెను.

సెల్‌ఫోనులు బాగుచేయువారు గాని, పాఠశాల సైన్సు ఉపాధ్యాయులు గాని టంకము పనిలో తోడ్పడగలరు.

జాగ్రత్తలు

బ్యాటరీ ధ్రువములు తారుమారైనచో చిప్పు చెడును. దీనిని ఇంటి కరెంటుకు ఎన్నడును కలుపరాదు. మైకు స్పీకరునకు ఎదురుగా నున్న కూత పుట్టును. కావున మాటలాడువారు స్పీకరు వెనుక నిలిచి, మైకును నోటికి జానెడు దూరమున పట్టుకొనవలెను. ఇది ఇచ్చునది సుమారు అర వాటు శక్తియే. ఆరుబయట జరుగు పెద్ద సభకు ఇది చాలదని ముందే గ్రహింపవలెను.

సభకు ముందు ఒకరు లెక్కలు చదువగా, వేరొకరు కడపటి వరుసలో కూర్చుండి విన్న అంకెలను తిరిగి చెప్పి పరీక్షింపుడు. అంకెలు సరిపోయిననే అమరిక సరియైనట్లు. మరియొక మనవి: మైకు అధ్యక్షుల బల్లమీదనే ఉండిపోరాదు. ప్రశ్న యడుగదలచిన వెనుక వరుసవారిని ముందుకు పిలిచి, వారి చేతికిని దాని నందింపుడు.