డిచ్‌పల్లి డాక్టరమ్మను స్మరించుకుందాం



నిజామాబాద్ నుండి హైదరాబాద్ వెళ్లే దారిలో డిచ్‌పల్లి మీ అందరికీ తెలిసిన ఊరే. గుట్ట మీది రామాలయం చూసే ఉంటారు. ఆ ఊరికి మరొక పేరు కూడా తెచ్చిన ఒక తల్లి గురించి ఈ సంచికలో చెప్పాలనుకుంటున్నాను. ఆమె డాక్టర్ ఇసబెల్ కెర్.

ఆమె 1875లో స్కాట్లాండ్‌లో జన్మించారు. 1903లో అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య పూర్తి చేశారు. భర్త రెవరెండ్ జార్జ్ కెర్‌తో కలిసి 1907లో మెథడిస్టు మిషనరీగా మన దేశానికి వచ్చారు. నిజామాబాద్‌లో పనిచేసే రోజుల్లో కుష్ఠు రోగుల బాధ ఆమె కళ్లారా చూశారు. అప్పట్లో దీనిని ‘పెద్దరోగం’ అని పిలిచేవారు. రోగం బయటపడితే ఇల్లు, ఊరు రెండూ దూరమయ్యేవి.

1915లో డిచ్‌పల్లిలో ఈ రోగుల కోసం విక్టోరియా ఆసుపత్రి ఏర్పడింది. దీనికి పెద్ద విరాళమిచ్చిన రాజా నర్సాగౌడ్ గారు హిందువు. దయకు మతం అడ్డు కాదని మన జిల్లా ఆనాడే చూపింది.

1920 దశకంలో చాల్‌మోగ్రా జాతి గింజల నూనెను ఇంజెక్షన్‌గా ఇచ్చే పద్ధతి వచ్చింది. డాక్టర్ కెర్ దానిని డిచ్‌పల్లిలో ఆచరణలో పెట్టారు. ఇంజెక్షన్ నొప్పిగా ఉండేది, నెలల తరబడి తీసుకోవాలి. అందరికీ గుణమిచ్చేది కాదు. అయినా తొందరగా వచ్చినవారిలో మేలు కనబడింది. చనిపోయేదాకా దాచి ఉంచే చోటు కాస్తా వైద్యం చేసి ఇంటికి పంపాలని చూసే చోటుగా మారింది. 1923లో ఆ దంపతులకు కైజర్-ఇ-హింద్ పతకం లభించింది. 1932లో కన్నుమూసే వరకు ఆమె ఈ సేవలోనే ఉన్నారు.

ఆనాడు ఆమె చేతిలో ఉన్నది అరకొర మందు. నేడు మన చేతిలో పూర్తిగా నయం చేసే మందు ఉంది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. రోగ తీవ్రతను బట్టి 6 లేదా 12 నెలలు వాడితే చాలు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు అంటడం ఆగిపోతుంది. చేయి కలిపినా, కలిసి భోజనం చేసినా ఈ వ్యాధి రాదు.

మందు మారింది గానీ భయం ఇంకా పూర్తిగా పోలేదు. మచ్చను పైట చాటున, చొక్కా చాటున దాచుకునేవారు నేటికీ ఉన్నారు. అమ్మాయి పెళ్లి ఆగిపోతుందని, పని పోతుందని వారి దిగులు. దాచిన కాలమంతా నరాలు దెబ్బతింటాయి. పోయిన స్పర్శ, వంగిపోయిన వేళ్లు మందుతో తిరిగి రావడం కష్టం.

కాబట్టి గమనించండి:

● చర్మం మీద పాలిపోయిన లేక ఎర్రని మచ్చ, అక్కడ స్పర్శ తగ్గడం. దురద, నొప్పి ఉండవు గనుక నిర్లక్ష్యం చేస్తాం.
● చేతులు, పాదాల తిమ్మిరి. వేడి గిన్నె పట్టుకున్నా, చెరుకు నరికేటప్పుడు కత్తి తగిలినా తెలియకపోవడం.
● వేళ్లలో బలం తగ్గడం, కనురెప్ప మూయలేకపోవడం.

వీటిలో ఏది కనబడినా వెంటనే దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి, లేదా మీ ఊరి ఆశా కార్యకర్తకు చెప్పండి. ఇంట్లో ఒకరికి వ్యాధి ఉంటే మిగతావారందరూ పరీక్ష చేయించుకోవాలి.

మన ప్రభువు కుష్ఠురోగిని ముట్టి స్వస్థపరచెనని సువార్తలలో చదువుతాము. డాక్టరమ్మ కూడా ముట్టడానికి వెనుకాడలేదు. వైద్యం పొందినవారిని మీ వాడలో, మీ గుడిలో, మీ బంతి భోజనంలో పక్కన కూర్చోబెట్టుకోండి. ఆమె జ్ఞాపకానికి మనం చేయగల గౌరవం అదే.

– నర్సింగ్ సూపరింటెండెంట్