గజ్జి పేరులో ఉన్నది దురదే, కులం కాదు

పాణ్యం దగ్గర ఒక వసతిగృహంలో పిల్లలతో మాట్లాడుతుంటే ఒకడు చేతులు వెనక దాచుకొని కూర్చున్నాడు. వేళ్ల సందుల్లో పొక్కులు. తోటివాళ్లు 'గజ్జోడు' అంటున్నారని, అన్నం దగ్గర దూరంగా కూర్చోమంటున్నారని మెల్లగా చెప్పాడు. ఆ సాయంత్రం మేము ఒక సభకు వెళ్లాం. వక్త 'కులగజ్జి' అన్నప్పుడల్లా చప్పట్లు. మేమూ కొట్టాం. తిరిగొస్తుంటే ఆ పిల్లాడి చేతులే గుర్తొచ్చాయి.

ఈ రోగానికి పేరు ఎలా వచ్చిందో చూద్దాం. డాక్టర్లు రాసే 'స్కేబీస్' లాటిన్ మాట. దాని మూలం 'స్కాబెరె', అంటే గోకడం. ఇటాలియన్ 'స్కాబియా' నేరుగా అందులోంచి వచ్చింది. స్పెయిన్‌లో వైద్యుల మాట 'ఎస్కాబియోసిస్', జనం మాట 'సార్నా'. జర్మన్లు లాటిన్ జోలికి పోకుండా గీకడం అనే తమ సొంత మాట నుంచే 'క్రెట్సె' చేసుకున్నారు. మన పక్కన కన్నడంలో 'కజ్జి'. హిందీ 'ఖుజ్లీ' అంటే దురదే. ఎక్కువ చోట్ల పేరు చెప్పేది ఒంటికి కలిగే బాధను. ఎవరికి వస్తుందో పేరు చెప్పదు.

తిట్టు తర్వాత చేరింది. మందను చెడగొట్టే మనిషిని ఫ్రెంచివాళ్లు 'గజ్జి గొర్రె' అంటారు. ఇంగ్లిష్‌లో 'స్కాబ్' అనే చుట్టపు మాట 18వ శతాబ్దం నాటికే సమ్మెకు ద్రోహం చేసే కార్మికుడికి తిట్టయింది. మనకు 'గజ్జికుక్క' ఉండనే ఉంది.

గజ్జికి కారణం అర మిల్లీమీటరు కూడా లేని పురుగు. ఆడపురుగు చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. 1687లో ఇటలీలో బొనోమో, చెస్టోని దీన్ని సూక్ష్మదర్శినిలో చూసి రాశారు. పేద తల్లులు పిల్లల చర్మం నుంచి, లివోర్నో రేవులోని బానిసలు ఒకరి ఒంటి నుంచి మరొకరు సూదితో ఏదో తీయడం వారి పరిశీలనకు దారి చూపింది. పెద్ద వైద్యులు నమ్మలేదు. 1834లో కోర్సికాకు చెందిన విద్యార్థి రెనూచి, తమ ఊరి ఆడవాళ్లు చేసినట్టే సూదితో పురుగును తీసి పారిస్‌లో చూపించాక గానీ వివాదం తీరలేదు. చదువు లేదని పక్కన పెట్టినవాళ్లకు ఆ సంగతి ముందే తెలుసు.

గజ్జి ఎక్కువసేపు ఒంటికి ఒళ్లు తగిలితే అంటుకుంటుంది. ఒకే చాప మీద నలుగురు పడుకునే గదుల్లో త్వరగా పాకుతుంది. మొదటిసారి సోకినవాళ్లకు దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. కాబట్టి ఆ పిల్లాణ్ని దూరం కూర్చోబెట్టిన వాళ్లలో కొందరికి అప్పటికే సోకి ఉండొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల్లో చేర్చింది. ఏ సమయంలో చూసినా ప్రపంచంలో 20 కోట్ల మందికి ఇది ఉంటుందని అంచనా.

ఇప్పుడు 'కులగజ్జి' మాటకొద్దాం. అది వాడేవాళ్ల కోపం న్యాయమైనదే. కానీ గజ్జి పట్టినవాడు బాధితుడు. కులం పట్టినవాడు దానివల్ల భూమి, పరువు, అధికారం పొందుతున్నవాడు. ఇద్దరినీ ఒకే మాటలో కలిపితే దెబ్బ పడేది అగ్రకుల అహంకారం మీద కాదు, పొక్కుల చేతుల పిల్లాడి మీద. 'కుల దురహంకారం' అనే మాట మనకు ఎప్పటినుంచో ఉంది. దాన్నే వాడదాం.

హాస్టళ్లకు వెళ్లే విద్యార్థి సంఘాలు ఒక పని చేయొచ్చు. గజ్జి కనిపిస్తే ఒక్కడికే మందు ఇచ్చి వదిలేయొద్దని, గదిలో అందరికీ ఒకే రోజు వైద్యం చేయించాలని అడగండి. 5 శాతం పర్మెత్రిన్ క్రీమును డాక్టరు చెప్పినట్టు మెడ నుంచి పాదాల దాకా రాత్రి రాసి పొద్దున కడగాలి, వారం తర్వాత మళ్లీ రాయాలి. బట్టలు, దుప్పట్లు అదే రోజు వేడినీళ్లలో ఉతకాలి. ఒక్కడికే చేస్తే పక్కవాడి నుంచి మళ్లీ వస్తుంది. ఒక్కొక్కరికి ఒక మంచం, సరిపడా నీళ్లు కూడా ఈ వైద్యంలో భాగమే. వినతిపత్రంలో వాటినీ రాయండి.