గంట పిలుచునది ఎవరిని?

బిడ్డకు నడక వచ్చిన దినమును, మాట వచ్చిన దినమును తల్లిదండ్రులు మురిసి చెప్పుకొందురు. మూత్రమునకు వెళ్లవలెనని బిడ్డ తానుగా తెలిపిన దినమును గుర్తుంచుకొనువారు అరుదు. కాని బుద్ధిమాంద్యము గల బిడ్డ ఉన్న ఇంట ఆ దినమునకై ఏండ్ల తరబడి ఎదురుచూతురు. బిడ్డ బడికి పోవుట, కుటుంబము పెండ్లి పేరంటములకు కదలుట, తల్లి ఒక పూట విశ్రమించుట ఆ ఒక్క అలవాటుతో ముడిపడి ఉండును.

ఇందుకు తోడుపడు చిన్న సాధనము ఒకటి కలదు. లోదుస్తులలో అమర్చిన పలకకు తడి సోకగనే గంట మ్రోగును. దీని పుట్టుక విచిత్రమైనది. ఆసుపత్రిలో పిల్లల పక్కలు తడిసినపుడు దాదులకు తెలియుటకై అమర్చిన విద్యుత్ గంటను గూర్చి 1904లో ఫాండ్లర్ అను శిశువైద్యుడు ప్రకటించెను. పోను పోను పిల్లలు పక్క తడుపుటయే తగ్గెను. దాదులకై పెట్టిన గంట పిల్లలకు పాఠము చెప్పెనన్నమాట! 1938లో అమెరికాలో మౌరర్ దంపతులు దానిని చికిత్సగా తీర్చిరి.

1971లో అజ్రిన్, ఫాక్స్ అను మనస్తత్వవేత్తలు తీవ్ర బుద్ధిమాంద్యము గల 9 మంది పెద్దలకు శిక్షణ ఇచ్చిరి. వస్త్రమునకు ఒక సూచకము, మరుగుదొడ్డి పాత్రకు మరియొకటి అమర్చిరి. మొదటిది పొరపాటును, రెండవది విజయమును తెలుపును. బట్టలు తడుపుకొనుట వెంటనే నూటికి 90 వంతుల వరకు తగ్గెను. అదే ఏట అజ్రిన్ సహచరులతో కలిసి పిల్లలకును ఇట్టి సాధనములను రూపొందించెను.

ఈ ఫలితము గంట ఒక్కదానిదే కాదు. అధికముగా పానీయములిచ్చుట, మెచ్చుకొనుట, మరల మరల అభ్యసింపజేయుట ఆ పద్ధతిలోని భాగములే. తడిపినవారిచేతనే శుభ్రము చేయించుటయు అందులో ఉండెను. ఆ కాఠిన్యము తరువాత విమర్శలకు గురియైనది.

మలబద్ధకము, మూత్రవ్యాధి లేవని ముందుగా వైద్యునిచే తెలిసికొనవలెను. పిదప గంట మ్రోగినపుడెల్ల బిడ్డను కసరక మరుగుదొడ్డికి తోడుకొనిపోవలెను. అచట రెండు చుక్కలు పడినను మెచ్చుకొనవలెను. తడికిని మరుగుదొడ్డికిని గల సంబంధము మాటలతో గ్రహింపలేని బిడ్డకు ఆ క్షణముననే చూపిన బోధపడును, ఆలసించిన నిష్ఫలము. నలుగురిలో మ్రోగిన గంట బిడ్డను నవ్వులపాలు చేయవచ్చును. కావుననే చప్పుడు లేక కంపించునవి, పెద్దలకు మాత్రమే సంకేతము పంపునవి నేడు వచ్చినవి.

ఆ పిలుపునకు ఓర్పుతో లేచి వచ్చువారు లేనిచో గంట వట్టి చప్పుడే. వారున్నచో, ఒకనాటికి గంట అవసరమే తీరిపోవచ్చును.